మూడో జాయింటు

షెడ్డుకి తెస్తే రాదు.
ఇంజను గంటసేపు తిప్పినా, లైట్లన్నీ వేసినా, హారన్ మోగించినా
డాష్‌బోర్డు ఏమీ ఎరగనట్టు చూస్తుంది,
ఆసుపత్రి గడప తొక్కగానే దగ్గు మానేసే రోగిలాగా.

"నేనేం అబద్ధం చెప్తున్నానా?" అంటాడు ఏసురత్నం.
మలికిపురం నుంచి వారానికి మూడు రోజులు
డయాలసిస్ వాళ్లని భీమవరం తీసుకెళ్లే బండి అది.
చించినాడ వంతెన మీద ఎర్ర బ్యాటరీ దీపం వెలుగుతుందట,
దాని వెనకే పసుపు ఇంజను బొమ్మ,
స్పీడు ముల్లు సున్నాకి పడిపోయి మళ్లీ లేస్తుందట.
వంతెన దిగేసరికి అంతా మామూలే.

నేను మార్చినవి: బ్యాటరీ. కాదు.
ఆల్టర్నేటరు బ్రష్షులు. కాదు.
రెండు ఫ్యూజులు, ఒక రిలే.
కోతల రోజులు కదా, ఎలకలు దూరాయేమోనని
సీట్ల కింద వైరింగంతా విప్పాను:
గుప్పెడు వడ్లు, ఎవరో పిల్లదాని చెప్పు ఒకటి.
డబ్బులు అడగడానికి నోరు రాలేదు.
"తెలీదు" అనే మాటని
ఇరవై రెండేళ్ల షెడ్డులో ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను.

మంగళవారం నేనూ ఎక్కాను.
మీటరు ఒళ్లో, దాని తీగలు బానెట్ సందులోంచి లాగి.
వెనక సీట్లో ముగ్గురు. కిటికీ వైపు సత్యవాణి గారు,
టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో చేసి రిటైరైన మనిషి.
మందుల చీటీ తిరగేసి నా చేతికిచ్చింది.
మంచు పడ్డ రోజు, వెలిగింది. పొడి రోజు, లేదు.
వాన వెలిసిన మర్నాడు, రెండుసార్లు.
ఎప్పుడైనా మూడో జాయింటు దగ్గరే,
వెళ్లేప్పుడే, వచ్చేప్పుడు కాదు.
"మధ్యాహ్నానికి ఆరిపోద్ది కదండీ చెమ్మ.
లూజు కాంటాక్టు పిలిస్తే పలకదు బాబూ,
లైను పట్టుకుని కూర్చోవాలి."

ధడ్. ఒకటి.
ధడ్.
మూడోది దాటుతుంటే
ఇంజనుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య
సున్నా ఉండాల్సిన చోట నాలుగు వోల్టులు ఎగిరి కూర్చున్నాయి.
ఎర్ర దీపం వెలిగింది.
నేను గట్టిగా నవ్వేశాను. ఏసురత్నం తిట్టాడు.
కింద వశిష్ఠ పాటు మీదుంది.

వాళ్లు నాలుగు గంటలు మెషిన్ల మీద ఉంటే
పార్కింగులో నేను బ్యాటరీ ట్రే ఎత్తాను.
ఇంజను నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు.
నల్ల తొడుగు నున్నగా ఉంది, బోల్టు బిగువుగా ఉంది,
వేలితో నొక్కితే లోపల కరకరమంది.
కోశాను. రాగి లేదు, పచ్చటి పొడి.
నాలుగే నాలుగు పోగులు
ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.
రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండి,
ఉప్పుగాలి ఎటునుంచి దూరిందో.
పచ్చగా ఉన్నదాన్ని అనుమానించడం
మా వైపు ఎవరికీ అలవాటు లేదు.

కొత్త వైరు నూట ఎనభై.
బ్యాటరీ డబ్బులు వెనక్కిస్తానంటే
ఏసురత్నం వినిపించుకోకుండా టైర్లు తన్ని చూసుకున్నాడు.
సత్యవాణి గారు గోడ పట్టుకుని నడిచొచ్చింది,
మోచేతి మడతలో దూది, దాని మీద ప్లాస్టరు.
తెగిన ముక్కని అడిగి తీసుకుని
అరచేతిలో పొడి రాల్చుకుని చూసింది.
"దీన్నయితే మార్చేశావు" అంది.
అంతే.

తిరిగొచ్చేప్పుడు మూడో జాయింటు దగ్గర
బండిలో ఎవరూ మాట్లాడలేదు.
వెలగలేదు.
కానీ మధ్యాహ్నం ఎప్పుడూ వెలగదు కదా.

గురువారం మంచు పడాలి.